గులాబీ పువ్వులు, గవ్వలు: గోదావరి డెల్టాలో క్రిస్మస్ పిండివంటల చరిత్ర

గోదావరి డెల్టాలోని క్రైస్తవ కుటుంబాలు క్రిస్మస్‌కు వండే పిండివంటల్లో అరిసెలు, జంతికలు, కజ్జికాయలు, సున్నుండలు ఉంటాయి. ఇవి సంక్రాంతికీ, పెళ్లికీ, సారెకీ అందరూ వండుకునేవే. వీటితో పాటు డబ్బాల్లోకి ఎక్కే గులాబీ పువ్వులు, గవ్వలు మాత్రం మరో దారిన వెళ్లి చూడవలసిన వంటలు. గోవాలో, మంగుళూరులో, కేరళలో, శ్రీలంకలో ఇవే రూపాలు వేరే పేర్లతో ఉన్నాయి. గోవా, మంగుళూరు క్యాథలిక్కుల క్రిస్మస్ పళ్లెంలో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వారు పశ్చిమ తీరానికి తెచ్చిన పండగ వంట అక్కడి బియ్యంతో, కొబ్బరితో కలిసిపోయి కొత్త రూపం తీసుకుంది. గోదావరి ఇళ్లలోని గులాబీ పువ్వు ఆ తీరపు వంటల కుటుంబానికి చెందినదే.

పోర్చుగల్‌లో క్రిస్మస్ తీపి వంటలు రెండు రకాలు. ఒకటి పొయ్యిలో కాల్చేవి. గోధుమపిండి లేదా మొక్కజొన్నపిండి, పంచదార లేదా తేనె, ఆలివ్ నూనె లేదా వెన్న, దాల్చినచెక్క, నిమ్మతొక్క కలిపి చిన్న ఉండలుగానో బిళ్లలుగానో చేసి, ఊరి రొట్టెల బట్టీ వేడిలో పెట్టి తీస్తారు. బ్రోవాస్, బిస్కోయితోస్ అనేవి ఈ కోవలోవి. ఖరీదైన దినుసులు అక్కర్లేని పల్లెటూరి వంటలివి. రెండోవి నూనెలో వేయించేవి. ఫిల్యోస్, సోన్యోస్, అజెవియాస్ అనే ఈ వంటలు లేకుండా అక్కడ క్రిస్మస్ ముందు రాత్రి భోజనం జరగదు. ఆ రాత్రి భోజనాన్ని కొన్సొవాద అంటారు. ఫిల్యోస్‌లో ఒక రకాన్ని పువ్వు ఆకారపు ఇనప అచ్చును జారుడు పిండిలో ముంచి నూనెలో దించి తీస్తారు. ఇలా అచ్చుతో వేయించే పద్ధతి పోర్చుగల్ ఒక్కదానిదే కాదు. స్పెయిన్‌లో, స్వీడన్‌లో, అక్కడి నుంచి వలస వెళ్లినవారి ద్వారా అమెరికాలో కూడా ఉంది.

1510లో గోవా పోర్చుగీసుల చేతికి వచ్చాక ఈ రెండు రకాలూ భారతదేశంలో అడుగుపెట్టాయి. పులియబెట్టిన గోధుమ రొట్టె కాల్చే బట్టీలు గోవా ఊళ్లలో వెలిశాయి. రొట్టె పొంగడానికి ఈస్టు దొరకక కొబ్బరి కల్లు వాడారు. బట్టీ ఉన్నచోట బిస్కెట్టు కూడా నిలిచింది. బొంబాయి రవ్వ, కొబ్బరికోరు, పంచదార, గుడ్డు కలిపి కాల్చే బొలిన్యాస్ అనే చిన్న బిస్కెట్లు నేటికీ గోవా క్రిస్మస్‌లో ముఖ్యమైనవి. కానీ బట్టీ ప్రతి ఇంట్లో ఉండదు, మూకుడు ఉంటుంది. అందుకే గోవా పండగ వంటలో ఎక్కువ భాగం నూనె వైపు మొగ్గింది. గులాబీ పువ్వులు, దువ్వెన మీద నొక్కి చుట్టిన కుల్‌కుల్, కొబ్బరి పూర్ణం పెట్టిన నెవ్రీలు ఇలా స్థిరపడ్డాయి. వీటన్నిటినీ ఒక పళ్లెంలో సర్ది ఇరుగు పొరుగు ఇళ్లకు పంపడాన్ని కూడా గోవాలో కొన్సొవాద అనే పిలుస్తారు.

కోరమండల్ తీరంలో పోర్చుగీసు బలం ప్రధానంగా శాంథోమ్, నాగపట్నం వైపు ఉండేది. మచిలీపట్నం రేవులో వారు వర్తకులుగానే మెలిగారు, ఉత్తరాన గోదావరి పాయల దగ్గర వారి కోట లేదు, పాలనా లేదు. అయినా ఈ తీరంలో రేవుల మధ్య నడిచే వ్యవహార భాష చాలాకాలం పోర్చుగీసే. తర్వాత వచ్చిన డచ్చి, ఇంగ్లీషు కంపెనీల ఇళ్లలో వంటవాళ్లు, ఆయాలు, దుబాసీలలో పోర్చుగీసు సంతతి వారు చాలామంది ఉండేవారు. డచ్చి వారు 17వ శతాబ్దంలో పాలకొల్లులోను, ద్రాక్షారామంలోను బట్టల వర్తకం కోసం స్థావరాలు పెట్టారు. ఇంగ్లీషు వారు నరసాపురం పక్కన మాధవాయపాలెంలో దిగారు. 1669కీ 1679కీ మధ్య ఈ తీరంలో తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు నరసాపురం ఓడల తయారీ గురించి వివరంగా రాశాడు. 18వ శతాబ్దంలో యానాం ఫ్రెంచి వారిదైంది. పాలకొల్లులోని డచ్చి సమాధులు ఆ కాలానికి మిగిలిన గుర్తు. 1825లో డచ్చి స్థావరాలు ఇంగ్లీషు వారికి అప్పగింతయ్యేసరికి ఐరోపా వంటిళ్లు డెల్టాలో రెండు శతాబ్దాలుగా ఉన్నాయి. అయితే అవి కంపెనీ గోడల లోపలి వంటిళ్లు. ఊరి జనంలో క్రిస్మస్ చేసుకునేవారు ఇంకా బహు తక్కువ.

ఆ జనం 19వ శతాబ్దంలో తయారయ్యారు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశాయి. 1845లో జర్మన్ మిషనరీ వాలెట్ రాజమండ్రిలో పని మొదలుపెట్టాడు. 1850ల మొదట్లో ఆ మిషన్ అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో స్థిరపడ్డారు. ఈ మధ్యలోనే, 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టా బతుకును మార్చేసింది. పండగ వంట చరిత్రలో ఈ ఆనకట్టకు చర్చికి ఉన్నంత పాత్ర ఉంది. కాలువ నీరు పారిన చోట వరి తప్ప మరో మాట లేకుండా పోయింది. సార్వా పంట కార్తీక మార్గశిరాల్లో కోతకొచ్చి, కుప్పనూర్పిళ్లు అయ్యేసరికి డిసెంబరు వస్తుంది. కొత్త బియ్యం ఇంటికి చేరే రోజులూ క్రిస్మస్ రోజులూ ఒకటే. గోధుమ పండని నేలలో, బియ్యం అందే నెలలో వచ్చిన పండగ కనుక దాని వంట బియ్యప్పిండితోనే మొదలైంది.

క్రైస్తవంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాల వ్యవసాయ కూలీలు. వారికి కూలి ధాన్యం రూపంలో ముట్టేది మాసూళ్ల కాలంలోనే. బెల్లం, నూనె, నువ్వులు కొనగలిగే రోజులు ఏడాదిలో అవే. వేరేవాళ్ల ఇళ్లలో పండగ జరుగుతుంటే వాకిట నిలబడి అడిగి తెచ్చుకోవలసి వచ్చిన కుటుంబాలకు, తమ పొయ్యి మీద తమ పండగకు తాము వండుకునే పిండివంట ఎంత పెద్ద మార్పో ఊహించవచ్చు. డెల్టా క్రిస్మస్‌లో పిండివంటలకు నేటికీ ఉన్న పట్టింపుకు మూలం ఇక్కడే ఉంది. కొత్త బట్టలు, వెదురు బద్దల మీద కాగితం అతికించిన నక్షత్రం, ఇల్లిల్లూ తిరిగే పాటల బృందం, 24 రాత్రి ఆరాధన, వీటితో సమానంగా వంటల డబ్బాలూ పండగలో భాగమే. పాటలు పాడుతూ వచ్చిన వారి చేతిలో జంతికో గవ్వలో పెట్టకుండా పంపరు.

మిషన్ బంగళాలు, బోర్డింగు పాఠశాలలు, ఆసుపత్రులు కొత్త పనులు నేర్పిన చోట్లు. ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ నరసాపురం లేసు. 1844 ప్రాంతంలో మాక్రే అనే స్కాట్లండు దంపతులు గోదావరి ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని ఆ పరిశ్రమ చరిత్ర చెబుతుంది. మొదట క్రైస్తవ స్త్రీల చేతిలో ఉన్న ఆ కొక్కెపు సూది తర్వాత కాపు కుటుంబాల స్త్రీల దాకా పాకి, నరసాపురం చుట్టుపక్కల ఊళ్లకు ఇంటి పరిశ్రమ అయింది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో దాని మీద పుస్తకమే రాశారు. వంటకు అలాంటి పుస్తకం లేదు, లెక్కల చిట్టా లేదు. కానీ దాని దారి కూడా అటువంటిదే. బంగళాలో బట్లరు దగ్గర చూసింది, బోర్డింగులో కలిసి వండింది, పెళ్లయి వెళ్లిన ఊళ్లో మరో ఇంటికి నేర్పింది ఇలా స్త్రీల చేతుల మీదుగానే వ్యాపించింది.

గులాబీ పువ్వుల తయారీని దగ్గరగా చూస్తే దాని పుట్టుక కొంత తెలుస్తుంది. పొడవైన కాడకు చివర పువ్వు రేకుల ఆకారంలో ఉండే ఇత్తడి లేదా ఇనప అచ్చు దీనికి ఆధారం. పిండికి సాధారణంగా రెండు వంతుల బియ్యప్పిండి, ఒక వంతు మైదా కలుపుతారు. అందులో ఒక గుడ్డు, తగినంత పంచదార, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు వేసి, కొబ్బరి పాలతో దోసెల పిండిలా జారుగా చేస్తారు. కొందరు నల్ల నువ్వులు కూడా వేస్తారు. కొత్త అచ్చయితే ముందు రాత్రే నూనెలో నానబెట్టాలి. మూకుడులో నూనె కాగాక అచ్చును అందులోనే ఉంచి వేడెక్కించి, చుయ్యిమనేలా పిండిలో ముంచాలి. ముంచడంలోనే నేర్పంతా ఉంది. అచ్చు ముప్పావు వంతే మునగాలి. పై అంచు దాటి పిండి ఎక్కితే అది అచ్చును కప్పేసి ఊడిరాదు. అచ్చు చల్లగా ఉంటే పిండి అంటదు, మరీ కాలిపోతే పిండి అక్కడే ముద్దయి కిందకు జారుతుంది. పిండి పట్టిన అచ్చును తిరిగి నూనెలో దించి, కొన్ని క్షణాలయ్యాక మెల్లగా ఆడిస్తే పువ్వు విడివడి తేలుతుంది. రెండు వైపులా దోరగా వేగాక చిల్లుల గరిటెతో తీస్తారు. తీసినప్పుడు మెత్తగానే ఉంటుంది, ఆరితే కరకరలాడుతుంది. పంచదార ఎక్కువైతే రంగు ముందే వచ్చేసి లోపల పచ్చిగా మిగులుతుంది. బియ్యప్పిండి మరీ ఎక్కువైతే గట్టిపడుతుంది. మొదటి రెండు మూడు పువ్వులు చెడిపోవడం మామూలే, అచ్చు వేడి కుదురుకున్నాక చకచకా వస్తాయి. పని అయ్యాక అచ్చును కడగరు, గుడ్డతో తుడిచి నూనె చెమ్మతోనే దాస్తారు. చాలా ఇళ్లలో ఈ అచ్చు అత్త నుంచి కోడలికి వచ్చిన వస్తువే. అచ్చు లేని ఇల్లు పక్కింటి నుంచి అరువు తెచ్చుకుంటుంది. డిసెంబరు నెలలో ఒక్క అచ్చు పేటంతా తిరగడం ఆశ్చర్యం కాదు.

ఈ అచ్చు డెల్టాకు రాగల దారులు ఒకటికి మించి ఉన్నాయి. రాజమండ్రి లూథరన్ మిషన్‌లో అమెరికన్లతో పాటు ఉత్తర ఐరోపా మూలాలున్నవారు కూడా పనిచేశారు. 1870ల చివర స్వీడిష్ అమెరికన్ల అగస్టానా సినడ్ నుంచి వచ్చిన ఎ. బి. కార్ల్‌సన్ అలాంటివారే. స్వీడన్‌లో క్రిస్మస్‌కు ఇదే రకం అచ్చుతో స్ట్రూవర్ అనే వంట చేస్తారు. కానీ స్ట్రూవర్‌కు వాడేది గోధుమపిండి, పాలు లేదా మీగడ, గుడ్లు. తీపి కోసం పైన పంచదార చల్లుతారు. గోదావరి గులాబీ పువ్వులో ఉన్నవి బియ్యప్పిండి, కొబ్బరి పాలు, నువ్వులు. కేరళ సిరియన్ క్రైస్తవుల అచ్చప్పంలో ఉన్నవీ ఇవే. గోవా రోజ్ కుకీలో కొబ్బరి పాలు ఉంటాయి. మంగుళూరు క్యాథలిక్కులు దీన్ని కొక్కిసాన్ అంటారు, సింహళీయులు కోకిస్ అంటారు. దినుసులను బట్టి చూస్తే గోదావరి వంట స్వీడన్ కంటే ఈ తీరపు ఊళ్లకే దగ్గర. పోర్చుగీసు, డచ్చి ఓడలు తిరిగిన తీరమంతా ఒకే అచ్చు, ఒకే కొబ్బరి పాలు కనిపించడం కాకతాళీయం కాదు. శ్రీలంకలో అయితే ఈ వంట క్రైస్తవుల హద్దు దాటి ఏప్రిల్‌లో వచ్చే సింహళ కొత్త సంవత్సరానికి బౌద్ధుల ఇళ్లలో తప్పనిసరి అయింది. తెలుగునాట కూడా గులాబీ పువ్వులు నేడు సంక్రాంతికీ, శ్రీమంతాలకూ, పెళ్లి సారెలకూ హిందువుల ఇళ్లలో వండుతున్నారు. వారిలో చాలామంది గుడ్డు వేయకుండా, పిండి అతుక్కోవడానికి మైదా వంతు పెంచుతారు.

గవ్వలది కొంచెం వేరు కథ. మైదా లేదా గోధుమపిండిలో కాచిన నెయ్యి పోసి గట్టిగా కలిపి, గోలీలంత ఉండలు చేసి, గీతలున్న గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కుతూ జరిపితే పిండి ముడుచుకుని గవ్వలా చుట్టుకుంటుంది. వాటిని వేయించి బెల్లం పాకంలోనో పంచదార పాకంలోనో వేసి కలుపుతారు. గోవా కుల్‌కుల్ కూడా అచ్చం ఇలాగే, చెక్కకు బదులు దువ్వెన వీపో ఫోర్కో వాడతారు, పిండిలో కొబ్బరి పాలు పోస్తారు. అయితే డెల్టాలో గోటితో నొక్కి చేసే గోరుమిటీలు అన్ని కులాల ఇళ్లలోనూ ఉన్నాయి. పిండిని నొక్కి చుట్టే పనితనం ఇక్కడిదే, దానికి పశ్చిమ తీరపు పండగ వంటతో పోలిక కుదిరింది. పిల్లలు కూడా చేయి కలపగలిగిన వంట ఇదొక్కటే కావడం దీని బలం. అరిసెల పాకం దగ్గరికి పిల్లల్ని రానివ్వరు, గులాబీ పువ్వుల నూనె దగ్గరికి అసలే రానివ్వరు. గవ్వలు చుట్టడానికి మాత్రం ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చుంటారు.

డెల్టాలో పోర్చుగీసు ప్రభావానికి సందేహం లేని సాక్ష్యం ఒకటుంది, అది జీడిమామిడి. బ్రెజిల్ నుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసు వారు గోవాకు తెచ్చిన ఈ చెట్టు తూర్పు తీరపు ఇసుక నేలలకు పాకింది. కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న మోరి గ్రామం జీడిపప్పు పరిశ్రమకు పేరుపడింది. జీడిపిక్కలను కాల్చి, కొట్టి, పొట్టు తీసే పనిలో ఎక్కువమంది స్త్రీలే. పిక్కలోని జీడి చేతులను పొక్కిస్తుంది, ఆ కష్టం పప్పు తినేవారికి కనబడదు. క్రిస్మస్ కేకులో, కజ్జికాయల పూర్ణంలో పడే జీడిపప్పు ఇలా నాలుగు వందల ఏళ్ల ప్రయాణం చేసిన దినుసు. అనాస, మిరప కూడా అదే ఓడల దారిన వచ్చినవే.

కాల్చే బిస్కెట్టు మాత్రం డెల్టా ఇళ్లలో చాలా ఆలస్యంగా చోటు సంపాదించింది. కారణాలు తేటతెల్లం. అన్నం తినే ప్రాంతంలో రొట్టెల బట్టీ లేదు. వరిగడ్డి, కొబ్బరి మట్టలు, పిడకలు కాలే మట్టిపొయ్యి మీద పైనుంచీ కిందనుంచీ సమానంగా వేడి తగలదు. వెన్న త్వరగా పాడవుతుంది కనుక అది నెయ్యిగా మారేదే తప్ప బిస్కెట్టులోకి వెళ్లేది కాదు. పంచదార కూడా ఖరీదే. చెరకు బెల్లం, తాటి బెల్లం ఇంటి తీపి. 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ స్థాపన వంటివి జరిగాక పంచదార అందుబాటు పెరిగింది. మైదా, డాల్డా కొట్లలో సులువుగా దొరకడం 20వ శతాబ్దపు సంగతి. ఆ మధ్యకాలంలో పట్టుదల ఉన్నవారు ఒక పద్ధతి కనిపెట్టుకున్నారు. పెద్ద గిన్నెలో ఇసుక పోసి వేడి చేసి, అందులో పిండి పెట్టిన చిన్న గిన్నె దించి, మూత మీద నిప్పులు పరిచి కేకు కాల్చేవారు. తర్వాత ఇదే పని ప్రెషర్ కుక్కర్‌లో ఇసుకో ఉప్పో పోసి చేశారు. పట్టణాల్లో బేకరీలు వచ్చాక పిండి, పంచదార, డాల్డా తీసుకెళ్లి బిస్కెట్లు కాల్పించుకుని డబ్బాతో తెచ్చుకోవడం మొదలైంది.

దేశంలో క్రిస్మస్ కేకు కథ మలబారు తీరంలోని తలశ్శేరి నుంచి చెబుతారు. అక్కడ బేకరీ పెట్టిన మాంబళ్లి బాపు 1883లో మర్డాక్ బ్రౌన్ అనే తోటల యజమాని కోరిక మీద ప్లమ్ కేకు చేసి ఇచ్చాడు. తెలుగు పట్టణాలకు బేకరీ విద్య చాలావరకు కేరళ, కర్ణాటక వారితో వచ్చింది. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, ఏలూరు బేకరీల్లో డిసెంబరు చివరి వారం కేకుల అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉంటాయి. పంచిపెట్టడానికి కేకు అనువైన వస్తువు. దాని వెనక మరో సంగతి కూడా ఉంది. అంటరానితనం పాటించిన ఊళ్లలో పేటలో వండిన పిండివంట పెద్దకులాల ఇళ్లు పుచ్చుకునేవి కావు. అరటిపళ్లు, కొబ్బరికాయలు, పంచదార మాత్రమే ఇచ్చిపుచ్చుకోగలిగేవారు. కొట్టులో కొన్న కేకు ఆ అడ్డును కొంత తప్పించింది. అరిసెల పళ్లెం గడప దాటడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అది దాటిన ఊళ్లలో డిసెంబరు 25న వెళ్లిన పళ్లెం సంక్రాంతికి నిండుగా తిరిగి వస్తుంది.

ఇప్పుడు గులాబీ పువ్వులు, గవ్వలు మిఠాయి కొట్లలో ఏడాది పొడవునా కిలోల లెక్కన దొరుకుతున్నాయి. ఇంటి దగ్గర పిండివంటలు చేసి అమ్మే స్త్రీలకు క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా చేతినిండా పని. అరిసెల పిండి దంచడానికి రోలు, రోకలి బదులు మర వచ్చింది. కట్టెల పొయ్యి స్థానంలో గ్యాసు వచ్చాక అచ్చు వేడిని అదుపులో పెట్టడం సులువైంది. అంటుకోని పూత వేసిన అచ్చులు కూడా వచ్చాయి, అయినా వండేవారిలో చాలామంది పాత ఇత్తడి అచ్చునే ఇష్టపడతారు, అది వేడిని పట్టి ఉంచుతుంది. కువైట్, మస్కట్, దుబాయిల్లో పనికి వెళ్లిన డెల్టా స్త్రీలకు నవంబరు చివర నుంచే పార్సిళ్లు బయలుదేరతాయి. వాటిలో గవ్వలు, జంతికలు ఎక్కువ, గులాబీ పువ్వులు తక్కువ, ఎందుకంటే అవి దారిలో నలుగుతాయి.